లోడ్‌మ్యాన్ బరువు, బండి మైలేజీ

డీజిల్ ఎక్కువ తాగుతోందన్న నేరం మా పికప్ బండి మీద పడింది. శిక్ష మాత్రం లోడ్‌మ్యాన్‌కు పడబోయింది. అది ఎలా తప్పిందో చెప్పాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను. ఇప్పుడు కొత్తగా స్టీరింగ్ పట్టుకుంటున్న పిల్లలకు మైలేజీ పెంచడం గురించి ఫోన్లో బోలెడు మంది పాఠాలు చెబుతున్నారు. చెప్పనివ్వండి, తప్పు లేదు. కానీ నేను నేర్చుకున్న పద్ధతి మాత్రం వాళ్ళలో ఎవరూ చెప్పగా నేను వినలేదు.

ముందుగా ఒక మాట. నేను గుడియాత్తం తెలుగువాణ్ణి. పుట్టినప్పటి నుంచి ఇంట్లో తెలుగే మాట్లాడినా అక్షరం రాదు, బడిలో చదివింది అరవం. మా కోడలు పరదరామి అవతల చిత్తూరు వైపు పిల్ల. నేను చెబుతుంటే ఆమె రాస్తోంది. నా మాటల్ని పుస్తకాల్లో ఉండే మాటల్లా దిద్దుతానని పట్టుబట్టింది. దిద్దుకో తల్లీ, ఆ మనుషులు అన్న మాటలు మాత్రం ముట్టుకోవద్దు అన్నాను. ఎవరి పేరూ రాయొద్దని కూడా చెప్పాను. వాళ్ళంతా ఇంకా గుడియాత్తంలోనే ఉన్నారు, నేను రోజూ టీ తాగడానికి ఆ వీధికే పోవాలి.

నా ఉద్యోగం లుంగీల మూటలు మోసే పికప్ నడపడం. మగ్గాల దగ్గర ఎక్కించుకుని వేలూరులో అంగళ్ళకు దించి రావాలి. కె.వి.కుప్పం, లత్తేరి, కాట్పాడి మీదుగా పోయి అదే దారిన తిరిగి రావడం. యజమానిని మా వైపు ముదలాళి అంటాం. మా ముదలాళి మంచివాడే గానీ, ఆయన నోరు ఒక్క క్షణం ఊరుకోదు. ఆయన మాట్లాడకుండా ఉండగా చూసింది ఒక్క పళ్ళ డాక్టరేనని వీధిలో చెప్పుకునేవాళ్ళు.

లోడ్‌మ్యాన్ అంటే మూటలు ఎక్కించి దించే మనిషి. మావాడు భారీ మనిషి. క్యాబిన్లో నా పక్కన కూర్చుంటే గేరు వెయ్యడానికి వాడి మోకాలిని బతిమాలుకోవాలి. లుంగీల మూటను ఒంటి చేత్తో ఎత్తి, దాని మీద ఇంకోటి పెట్టుకుని నడిచిపోయేవాడు. అంత ఒళ్ళుండీ నోట్లో నాలుక లేదు. ఎవరేమన్నా తల ఊపేవాడు. నన్ను అన్నా అని పిలిచేవాడు, నాకూ వాడంటే సొంత తమ్ముడి మీద ఉన్నంత ప్రేమ.

ఒక వేసవిలో ముదలాళికి బండి మీద అనుమానం మొదలైంది. మునుపటి కంటే డీజిల్ ఎక్కువ పోతోందన్నాడు. మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళాం. ఎయిర్ ఫిల్టర్ చూశాడు, టైర్లలో గాలి చూశాడు, బ్రేకులు పట్టేస్తున్నాయేమోనని చక్రాలు ఎత్తి తిప్పి చూశాడు.

"బండికి ఏమీ లే. రాజా మాదిరి ఉండాది" అన్నాడు మెకానిక్.

"రాజా గాబట్టే అంత తాగతా ఉండాది" అన్నాడు ముదలాళి.

ఇక సొంత వైద్యం ఆరంభించాడు. ఎవరో ఫోన్లో చెప్పారని డీజిల్ పైపుకు అయస్కాంతం కట్టించాడు. మైలేజీ సంగతేమో గానీ, బానెట్ ఎత్తినప్పుడల్లా మెకానిక్ చేతిలోని స్పానర్ పోయి దానికి అతుక్కునేది. రెండోసారి వేళ్ళు నలిగాక, ఇక ఈ బండి ముట్టనని మెకానిక్ తెగేసి చెప్పాడు. అయస్కాంతం తీసేశాం.

తర్వాత గాలి మీద పడ్డాడు. ఎదురుగాలి బండిని వెనక్కి నెడుతోందట, దాన్ని చీల్చాలట. బియ్యం డ్రమ్ములు చేసే ఆయనతో ఒక రేకు వంపు తిప్పించి క్యాబిన్ నెత్తిన బిగించాడు. ఆలోచన తప్పు కాదు. పెద్ద లారీల మీద అలాంటివి నేనూ చూశాను. కానీ మా రేకుకు పక్కన సందు మిగిలింది. బండి కాస్త వేగం అందుకోగానే అందులోంచి సన్నాయి మోగేది. కె.వి.కుప్పం దగ్గర పెళ్ళి ఊరేగింపు పక్కనుంచి పోతుంటే నాదస్వరం ఊదే ఆయన ఊదడం ఆపి, తన పక్కవాణ్ణి అనుమానంగా చూశాడు. లత్తేరిలో కుక్కలు మా బండిని ఊరు దాటేదాకా సాగనంపేవి. ముదలాళి మాత్రం ఆ చప్పుడు వింటే గాలి చీలుతున్నట్టే ఉందని మురిసిపోయాడు.

కాట్పాడి వంతెన దిగేటప్పుడు ఇంజన్ ఆపేయమన్నది మూడో వైద్యం. పిల్లలూ, ఈ ఒక్కటి మాత్రం కలలో కూడా చెయ్యొద్దు. ఇంజన్ ఆగితే బ్రేకు రాయిలా గట్టిపడుతుంది, స్టీరింగ్ మన మాట వినదు. నేను రెండు కాళ్ళతో బ్రేకు మీద నిలబడి, పూలమ్మే ఆవిడ గంపకు జానెడు దూరంలో ఆపాను. ఆవిడ నన్ను తెలుగులో కొంత, అరవంలో కొంత తిట్టింది. రెండూ నాకు బాగా అర్థమయ్యాయి. ఆ వైద్యం ఆ పూటతో సరి.

చివరికి ముదలాళి బరువు దగ్గరికి వచ్చాడు. బండిలో బరువు తగ్గితే డీజిల్ తగ్గుతుందన్నది నిజమే, ఎవరూ కాదనలేరు. అలాంటి మాట దొరికితే ఆయన వదిలే మనిషి కాదు. స్టెప్నీ దించాడు. జాకీ, పనిముట్ల పెట్టె, టార్పాలిన్ దించాడు. సీటు కింద ఉన్న నా గొడుగును కూడా బయట పెట్టాడు. అన్నీ దించాక నడుం మీద చేతులు పెట్టుకుని, ఇంకా ఏమున్నాయా అని చుట్టూ చూశాడు. ఆయన చూపు నెమ్మదిగా వచ్చి లోడ్‌మ్యాన్ మీద ఆగింది.

మరునాడు బండిని వేబ్రిడ్జి ఎక్కించి, లోడ్‌మ్యాన్ లోపల ఉండగా ఒకసారి, దిగాక ఒకసారి తూకం వేయించాడు. తూకం మనిషి తేడా చూసి, "ఏం దించినారు సార్?" అని అడిగాడు. లోడ్‌మ్యాన్ తల వంచుకుని పక్కన నిలబడ్డాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"వేలూరు అంగళ్ళలో దించుకునేదానికి వాళ్ళ మనుషులుండారు. ఈడ ఎక్కించేదానికి మగ్గాల కాడోళ్ళుండారు. వీడు బండెక్కి వచ్చి చేసేదేముండాది?" అన్నాడు ముదలాళి నాతో.

"వాడు లేకుంటే టార్పాలిన్ ఎవురు కడతారు ముదలాళీ?"

"టార్పాలిన్ దించేసినాం గదా."

ఆయన తీర్పు కూడా చెప్పేశాడు. వచ్చే శుక్రవారం ఆఖరి పరీక్ష. బస్టాండు దగ్గర బంకులో ట్యాంకు మూతి దాకా నింపాలి, లోడ్‌మ్యాన్‌ను ఎక్కించుకునే వేలూరు పోయి రావాలి, అదే బంకులో మళ్ళీ నింపాలి. ఎప్పుడూ పట్టేదానికంటే తక్కువ పడితే లోడ్‌మ్యాన్ ఉంటాడు. లేకపోతే శనివారం నుంచి వాడు వేరే పని చూసుకోవాలి. డ్రైవర్లను నమ్మలేం కాబట్టి తాను కూడా బండిలో వస్తానన్నాడు. తన బరువు మాటేమిటని ఆయన అడగలేదు, నేనూ అడగలేదు.

లోడ్‌మ్యాన్‌కు ఇంట్లో ముగ్గురు ఆడపిల్లలు, అందరూ చదువుకుంటున్నారు. వాడికి వేరే పని తెలియదు. వాడు చేయగలిగింది ఒక్కటే, తిండి మానేశాడు. పొద్దున దోసకాయలు, మధ్యాహ్నం దోసకాయలు. బుధవారం నాడు మూట ఎత్తబోయి కింద కూర్చుండిపోయాడు.

"అన్నా, ఈ మూట పెద్దదైపొయ్యిండాదే" అన్నాడు.

"మూట అట్లనే ఉండాది నాయనా. నువ్వే చిన్నగా అయిపోతా ఉండావు" అన్నాను.

"నిజంగానా అన్నా?" అని వాడు సంబరపడ్డాడు. వాడి ముఖం చూసి నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

శుక్రవారం పొద్దున ట్యాంకు నింపి, మూటలు ఎక్కించి, ముదలాళి ఇంటి ముందు బండి ఆపాను. ఆయన ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకుని వచ్చాడు. ఆయన వెనకే వాళ్ళమ్మ వచ్చింది. వీధంతా అవ్వా అని పిలిచే పెద్దావిడ. చంకలో పసుపు కుంకుమ పెట్టిన కొత్త కుండ, దాని మూతికి వేపాకు మండలు, లోపల అంచు దాకా అంబలి.

అప్పుడు గుర్తొచ్చింది, అది అరవ లెక్కలో ఆడి నెల. గంగమ్మకు అంబలి పోసే నెల. వేలూరులో ఉన్న అవ్వ కూతురి బిడ్డకు అమ్మవారు పోసి తగ్గింది. పుట్టింట్లో కాచిన అంబలి తెచ్చి, వాళ్ళ వీధిలోని గంగమ్మకు పోస్తానని అవ్వ మొక్కుకుంది. మొక్కు అంబలికి ఒక కట్టుబాటుంది. గుళ్ళో పోసేదాకా కుండ నేల మీద పెట్టకూడదు, చుక్క కింద పడకూడదు.

"బస్సులో పోతే ఎవుడో ఒకడు తగిలిస్తాడు. మన బండి ఎట్లాగూ పోతా ఉండాది గదా" అంది అవ్వ.

"అమ్మా, ఈ పొద్దు మైలేజీ చూస్తా ఉండాము. బండిలో బరువెక్కకూడదు" అన్నాడు ముదలాళి.

"నేను నీకు బరువైతినా?"

ఆ మాట వీధి చివర టీకొట్టు దాకా వినిపించింది. టీకొట్టులోంచి నలుగురు బయటికి వచ్చి చూశారు కూడా. ముదలాళి గబగబా తలుపు తెరిచాడు. అవ్వ మధ్యలో, ముదలాళి కిటికీ పక్కన, స్టీరింగ్ దగ్గర నేను. లోడ్‌మ్యాన్ వెనక మూటల మధ్య. ఇద్దరు మనుషుల బరువు ఎక్కువైంది కదా, వాడి పని అయిపోయిందనుకున్నాను.

బండి కదిలించబోయి చూస్తే గేరు రాడ్డు అవ్వ మోకాలికీ కుండకూ మధ్య ఇరుక్కుని ఉంది.

"అవ్వా, గేరు వెయ్యాల."

"ఉండు నాయనా, కుండ ఎత్తుకోనీ." ఎత్తింది. వేశాను. "మళ్ళా వేస్తావా?"

"ఇంగా మూడుండాయి అవ్వా."

"అన్నిసార్లు నా చేత కాదు. బిర్రీన అన్నీ వేసేసి ఊరికే కూచో."

అలాగే చేశాను. ఇంజన్ను అరవనివ్వకుండా పై గేర్లు త్వరగా వేసేసి, వాటిని మళ్ళీ మార్చే అవసరం రాకుండా చూసుకున్నాను. గేరు తగ్గించాలంటే కుండ ఎత్తించాలి, అందుకని దూరంలో స్పీడ్ బ్రేకర్ కనిపించగానే కాలు తీసేసేవాణ్ణి. బండి తనంతట తాను నెమ్మదించి, దాని మీద పాకి దిగేది. ముందు లారీ ఉంటే దాని వెనక ఇంత దూరం వదిలి పోయేవాణ్ణి. అవ్వ కళ్ళు నా కంటే చురుకు. "అదో, ఆవు వస్తా ఉండాది. ఈడ్నే నిదానించు" అని ఫర్లాంగు ముందే చెప్పేది. మా వేగానికి నెత్తిన రేకు కూడా సన్నాయి మానేసింది. లత్తేరి కుక్కలు పడుకున్న చోట నుంచి తలెత్తి చూసి, మళ్ళీ పడుకున్నాయి. సైకిలు మీద పోతున్న ముసలాయన ఒకరు మమ్మల్ని దాటి, వెనక్కి తిరిగి జాలిగా చూశాడు.

ముదలాళి ఇది తట్టుకోలేకపోయాడు. "సీక్రం పో అప్పా! అంగడి మూసేస్తారు! ఇంగా కాట్పాడి రాలేదా?" అని మొదలుపెట్టాడు. మామూలు రోజుల్లో ఈ మాటలే ఫోన్లో వచ్చేవి. యాడుండావు, ఎంతసేపు, ఇంకా దించలేదా అని దారి పొడుగునా మోగుతూనే ఉండేది. అది మోగినప్పుడల్లా నా కాలు దానంతట అదే కిందికి పోయేది. ముందున్న బండి తోక దాకా దూసుకెళ్ళడం, బ్రేకు తొక్కడం, మళ్ళీ దూసుకెళ్ళడం. ఈ రోజు ఆయన పక్కనే కూర్చుని అంటున్నాడు, మధ్యలో అవ్వ ఉంది.

"నోరు మూసుకోరా. కుండ తొణికిందంటే అమ్మవారికి నువ్వు జవాబు చెప్తావా?"

ముదలాళి నోరు మూసుకున్నాడు. పాలారు వంతెన దాటేదాకా మళ్ళీ తెరవలేదు. అంతసేపు ఆయన నోరు మూసి ఉండగా చూసిన రెండో మనిషిని నేనే అయ్యుంటాను.

మూటలు అంగళ్ళలో దించి, కూతురి ఇంటికి చేరాం. చుక్క తొణకలేదు. గంగమ్మకు అంబలి పోశారు, వీధిలో అందరికీ పంచారు. లోడ్‌మ్యాన్ వద్దని చేతులు అడ్డం పెట్టాడు.

"అమ్మవారి అంబలి వద్దంటావా?" అంది అవ్వ.

ఇక వాడు పాపం ఏం చేస్తాడు? చెంబు మీద చెంబు తాగాడు. వారం ఆకలి కదా, ఆపడం వాడి చేతిలో లేదు. ఒక్కో చెంబుకూ ముదలాళి ముఖం ఒక్కో రంగు తిరిగింది.

అంతటితో అయిపోలేదు. పుట్టింటి కుండను వట్టిగా పంపకూడదని కూతురు దాన్ని మళ్ళీ అంచు దాకా అంబలితో నింపింది. గుడియాత్తంలో ఇరుగుపొరుగుకు పంచాలట. ఆ తర్వాత అవ్వ పెరట్లోకి పోయి ఒక రుబ్బురోలు చూపించింది. ఎప్పుడో పెళ్ళప్పుడు తాను ఇచ్చినదట, ఇప్పుడు కూతురు గ్రైండర్ వాడుతోందట. "ఎట్లాగూ వట్టి బండే గదా పోతా ఉండేది" అంది. ఆ ఇంటి మగవాళ్ళు నలుగురూ పట్టుకున్నా రోలు కదల్లేదు. అంబలి తాగిన లోడ్‌మ్యాన్ పొట్ట నిమురుకుంటూ వచ్చి, ఒక్కడే దాన్ని దొర్లించి, భుజానికెత్తి బండిలో పెట్టాడు. ముదలాళికి మాత్రం బండి వెనక టైర్లు అణగడం ఒక్కటే కనిపించింది.

తిరుగు ప్రయాణమంతా మళ్ళీ అదే. కుండ, వేపాకు, అవ్వ కళ్ళు, నా కాలు. బంకుకు చేరాం. అవ్వ దిగలేదు, కుండ ఒళ్ళో పెట్టుకుని లోపలే కూర్చుంది. వెనక లోడ్‌మ్యాన్ కళ్ళు మూసుకుని ఏదో దేవుణ్ణి తలుచుకుంటున్నాడు. వాడిది ఏసు, అవ్వది గంగమ్మ. నేను ఇద్దరినీ తలుచుకున్నాను.

బంకు కుర్రాడు గొట్టం పెట్టాడు. కాసేపటికే అది టక్కుమని ఆగిపోయింది. ట్యాంకు నిండింది. నేను మీటరు చూసి, నమ్మలేక మళ్ళీ చూశాను. ఇన్నేళ్ళలో ఎప్పుడూ అంత తక్కువ పట్టలేదు.

"గాలి చేరిండాది లోపల" అన్నాడు ముదలాళి. "బండిని ఊపితే ఇంగా పడతాది. రేయ్, ఊపు!"

అని, మీటరు బాగా కనిపించేలా కిటికీకి ఆనుకుని నిలబడ్డాడు. లోడ్‌మ్యాన్ ఎవరేం చెప్పినా చేసే మనిషి. పైగా కడుపు నిండి ఉంది. బండి పక్క పట్టుకుని, ఉన్న బలమంతా పెట్టి ఊపాడు. రోలు వెనక దడదడలాడింది. క్యాబిన్ ఇటు ఒరిగి అటు ఒరిగింది. అవ్వ కేక వేసింది. కుండలోని అంబలి సగానికి సగం ఎగిరి, కిటికీలోంచి వచ్చి ముదలాళి తెల్ల చొక్కా మీద పడింది. వేపాకు మండ ఒకటి ఆయన చెవి మీద నిలిచింది.

అవ్వ కిటికీలోంచి తల బయటికి పెట్టింది.

"వేలూరు దాకా పొయ్యి వస్తిని. ఒక్క చుక్క పడలే. నువ్వు నోరు తెరిస్తివి, పడింది" అంది.

అంత ఊపినా ట్యాంకులో ఇంకో గుక్కెడు కూడా పట్టలేదు. ఇద్దరు మనుషులు, రుబ్బురోలు, చెంబుల కొద్దీ అంబలి తాగిన లోడ్‌మ్యాన్, ఇంత బరువుతోనూ డీజిల్ తగ్గింది. ముదలాళి చెవి మీది వేపాకు తీసి కళ్ళకద్దుకుని, "సరి, వాడు ఉండనీ" అన్నాడు. లోడ్‌మ్యాన్ నన్ను కావలించుకున్నాడు. నాకు కాసేపు ఊపిరాడలేదు, అయినా విడిపించుకోవాలనిపించలేదు.

పిల్లలూ, మైలేజీ గురించి నాకు తెలిసిందంతా ఇదే. ఒళ్ళో నిండు కుండ ఉందనుకుని నడపండి, దూరం చూడండి, తొందరపెట్టేవాణ్ణి పక్కన పెట్టండి. స్టెప్నీ మాత్రం దించకండి.

అవ్వ అన్నది మా ముదలాళి చెవికెక్కిందని మీరు అనుకుంటే పొరపాటు. తన నోటి వల్ల డీజిల్ పోయిందంటే ఆయన ఎలా ఒప్పుకుంటాడు? రాత్రంతా ఆలోచించి, మహిమంతా కుండదేనని తేల్చుకున్నాడు. శనివారం పొద్దున నేను పోయేసరికి స్టెప్నీ, జాకీ బండిలోకి తిరిగి వచ్చాయి. లోడ్‌మ్యాన్ క్యాబిన్లో నా పక్కన బుద్ధిగా కూర్చుని ఉన్నాడు. వాడి ఒళ్ళో అంచు దాకా నీళ్ళు నింపిన కుండ, మూతికి వేపాకు. రోజూ అలాగే పోయి రావాలని ఆజ్ఞ.

వాడు రెండు చేతులతో కుండను పట్టుకుని, ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు. నేను నెమ్మదిగా పోనిచ్చాను. కె.వి.కుప్పం దాటామో లేదో ఫోను మోగింది. అలవాటు కొద్దీ నా కాలు కదిలింది, కుండలో నీళ్ళు కదిలాయి. వాడు ఒక చేయి జాగ్రత్తగా తీసి ఫోను ఎత్తాడు.

"యాడుండారు అప్పా? ఇంగా ఎంతసేపు?" అని ముదలాళి గొంతు నాకు కూడా వినిపించింది.

ఎవరేమన్నా తల ఊపడం తప్ప ఎరగని మనిషి, ఒక్క క్షణం కుండ వైపు చూశాడు.

"నీళ్ళు తొణకతా ఉండాయి ముదలాళీ. ఫోను పెట్టేయండి" అన్నాడు. అని, ఆయన పెట్టేదాకా ఆగకుండా తానే పెట్టేశాడు.

నేను రిటైరయ్యేదాకా ఆ బండిలో ఫోను ఎత్తే పని వాడిదే.